జపాను దేశపు బసయిండ్లు – అతిథిధర్మము

(వార్షిక మహాసభ రెండవనాటి సమావేశమునం దొసగబడిన యుపన్యాసము)

  

తీర్మానముల చర్చ ముగిసిన పిమ్మట, భోజనపు గంట మ్రోగుటకు ముందు, మాటలాడు భాగ్యము నాకు గలిగినది. ఆకలిగొన్న సభను మెప్పించుట యెంత కష్టమో నే నెఱుగుదును. ఐనను నేను చెప్పబోవునది బసను గూర్చియు, స్నానమును గూర్చియు, భోజనమును గూర్చియు నగుటచే, నా మాటలు మీ యాకలికి ప్రతికూలములు గాక యనుకూలములుగనే యుండునని ధైర్యము చెప్పుకొనుచున్నాను.

జపాను దేశమున నేను సంచరించినప్పుడు అచ్చటి పాతపద్ధతి బసలలో కొన్ని రాత్రులు గడిపితిని. ఆ యనుభవములను వినిపింపుమని కార్యదర్శిగారు కోరిరి. పరదేశపు బసలను గూర్చి మన మహాసభలో ముచ్చటింప నేల యని కొందఱికి దోచవచ్చును. మన దేశమున సంఘములు స్థాపించుకొన్నవారు మొదట తలపెట్టిన పనులలో పుణ్యక్షేత్రములందు సత్రము కట్టుటయు, పట్టణములందు విద్యార్థులకు వసతిగృహము నేర్పఱచుటయు ముఖ్యములు. పొరుగూరినుండి వచ్చినవానికి నీడ నిచ్చుట మనము తలకెత్తుకొన్న కార్యము. ఆ కార్యమునే వేయియేండ్లకు మించి వృత్తిగా జేసికొన్న జను లొకచోట నున్నారు. వారి మర్యాద యెట్టిదో, అందు వా రెచ్చట గెలిచిరో, ఎచ్చట నోడిరో తెలిసికొనుట మనకు బనికిరాని ముచ్చట కాదు.

మన పట్టణములందు హోటలనగా ఇడ్డెనలును కాఫీయు నమ్ముచోటని యర్థము. జపానులో ‘హోతెరు’ అనినచో మంచములు, కుర్చీలు గల పాశ్చాత్యపు పద్ధతి బస యని భావింతురు. చాపల నేలయు, ఇంటివంట భోజనమును, అందఱకు నుమ్మడిగా నొక స్నానశాలయు గల పాతపద్ధతి బసకు ‘రియోకాన్’ అని పేరు. నేను చెప్పబోవునది ముఖ్యముగ నీ రెండవదానిని గూర్చియే.

ఈ బసల వృద్ధికి బాటలు కారణము. 1635వ సంవత్సరమున తొకుగావ ప్రభుత్వమువారు సామంతరాజులు నియమితకాలములందు ఎదో నగరమునకు, అనగా నేటి టోక్యోకు, వచ్చి కొలువుండవలెనని శాసించిరి. అందుచే రాజులును వారి పరివారమును బాటల వెంబడి నిరంతరము రాకపోకలు సేయవలసివచ్చెను. ఎదోనుండి క్యోటోకు బోవు తొకైదో బాటమీద 53 మజిలీలుండెను. ప్రతి మజిలీయందును ప్రభువుల విడిదికి ‘హోన్‌జిన్’ అను పెద్దబసయు, సామాన్యులకు భోజనముతో గూడ పడక యిచ్చు ‘హతాగొ’ అను బసలును, బీదలకు ‘కిచిన్‌యాదొ’ అను నింకొకవిధపు బసలును గలవు. ఈ కడపటివానిలో బాటసారి కట్టెల వెల మాత్రము చెల్లించి తన బియ్యము తానే వండుకొనును. హతాగొలను గూర్చి విన్నప్పుడు మన పూటకూళ్లయిండ్లును, కిచిన్‌యాదొలను గూర్చి విన్నప్పుడు మన సత్రపు వసారాలలోని మూడురాళ్ల పొయ్యిలును నాకు జ్ఞప్తికి వచ్చినవి. బాటసారి యవసరము లే దేశమునకైన నొక్కటియే గదా!

యమనషి మండలములోని నిషియమ యను వేడినీటి యూటకడ ‘కెయున్‌కాన్’ అను బస యొకటి గలదు. అది క్రీ. శ. 705లో వెలసినదట. ప్రపంచమున నతిప్రాచీనమైన హోటలుగా గిన్నిసు రికార్డుల గ్రంథమువారు దాని నంగీకరించిరి. ఇషికావ మండలములోని అవజు గ్రామమున ‘హోషి’ అను బస 718లో స్థాపింపబడినదని చెప్పుదురు. మన తెలుగుదేశమున తూర్పుచాళుక్యులు వేంగి నేలుచుండిన కాలమున దీపము పెట్టిన యిండ్లలో నేటికిని అతిథికి పక్క వేయుచున్నారనిన ఆశ్చర్యము గాదా? వంశము నిలుచుటకు వా రొక యుపాయము చేసికొనిరి. కుమారుడు లేనిచో, ఉన్నను సమర్థుడు గానిచో, అల్లుని దత్తు తీసికొని, అతనికి తమ యింటిపేరే పెట్టి, బసను అతనిచేతిలో నుంచుదురు. మన యిల్లరికమునకును దీనికిని దగ్గఱ చుట్టఱిక మున్నది. ఐనను వారు రక్తమునే పట్టుకొని వ్రేలాడలేదు. కెయున్‌కాన్ బస 52 తరములు కుటుంబపువారి యధీనమున నుండి, 2017లో, వారసుడు లేనందున, అచ్చటనే పనిచేసి పైకి వచ్చిన యుద్యోగి చేతికి బోయినది. ఇల్లు నిలువవలెనన్న, వంశముకంటె ధర్మము ముఖ్యమని వారు గ్రహించిరి.

ఇక అతిథి యనుభవమునకు వచ్చెదను. తిథి నియమము లేక వచ్చువాడు అతిథి యని మన పెద్దలు వ్యుత్పత్తి చెప్పుదురు. రియోకానున కట్టి యతిథి పనికిరాడు. అచ్చట తిథియే కాదు, గడియ కూడ ముందుగ దెలుపవలెను. వెల గదికి గాక తఱచు మనిషికి లెక్కింతురు. అందు రాత్రి భోజనమును, ప్రొద్దుటి ఫలాహారమును జేరియుండును. మధ్యాహ్నము మూడుగంటల వేళకు ప్రవేశము, మఱునాడు పదిగంటల వేళకు నిష్క్రమణము సామాన్యమైన కట్టడి. వచ్చువా రెందఱో లెక్క చూచికొని ఆ యుదయముననే కూరలు, చేపలు కొందురు గావున, చెప్పినవేళకు రానివాడు, తుదిదినమున మాట మార్చుకొన్నవాడు, వంటవాని శ్రమను నేలపాలు చేసినవాడగును. జపానులో నివాసము లేని విదేశీయుడు తన పాస్‌పోర్టును జూపవలెను.

వాకిట నడుగిడగనే పాదరక్షలు విడువవలెను. వీధికిని ఇంటికిని నడుమ ఒక మెట్టెత్తుగ నేల యుండును. ఆ మెట్టు దాటిన చెప్పు లోకము వెలుపలనే నిలిచిపోవును. వసారాలో నడచుట కిచ్చిన మెత్తని జోళ్లు గదిలోని చాపలమీదికి రాగూడదు. మరుగుదొడ్డికి వేఱే జోళ్లు గలవు. అవి ఆ గడప దాటి యివతలికి రాగూడదు. ఈ నియమము పాశ్చాత్యులకు వింతగ దోచును. వాకిట కాళ్లు కడుగుకొని లోపల నడుగిడు తెలుగువానికి మాత్రము పుట్టినింటికి వచ్చినట్లుండును.

గదిలోనికి బోయి చూడగా నేమియు లేదు! మంచము లేదు, కుర్చీ లేదు, బీరువా గోడలో దాగియున్నది. నేలనిండ వరిగడ్డితో గట్టిగ నించి, పైన తుంగజాతి గడ్డితో నేసిన ‘తతామి’ చాపలు బిగియ పఱచియుండును. గది పరిమాణమును చాపల లెక్కతోనే చెప్పుదురు. నడుమ నొక పొట్టిబల్ల, ప్రక్కల దిండ్లు. ఒక గోడలో గూడువంటి చోటొకటి యుండును. అందొక చిత్రపటము వ్రేలాడుచుండును, ఒక పూవో కొమ్మయో కుండలో నుండును. దానికి ‘తొకొనోమ’ యని పేరు. మనము పెట్టె దించుటకు దగిన యరుగని భ్రమపడు చోటది. కాని యచ్చట సామాను పెట్టుట దేవుని గూటిలో గొడుగు పెట్టుటవంటిది. పగలు కూర్చుండుటకును, రాత్రి భుజించుటకును, పిదప శయనించుటకును ఆ యొక్క గదియే చాలును. మనము భోజనము చేసి వచ్చులోపల పరిచారకులు బల్లను ప్రక్కకు జరిపి, గోడయఱనుండి పఱుపులు తీసి, పక్క వేసి పోయియుందురు. వచ్చినవారు కనబడరు; చేసినపని కనబడును. చాప పఱచి పడుకొని, ప్రొద్దున చుట్టి మూల నిలువబెట్టిన మన తాతలనాటి యింటికి ఇది దూరమైనదా?

పరిచారిక మోకాళ్లమీద కూర్చుండి తలుపు జరిపి, వంగి నమస్కరించి, వేడి తేనీరును, ఆ ప్రాంతపు మిఠాయి యొకటియు బెట్టును. పిదప ‘యుకాత’ యను నూలు అంగవస్త్రమును జూపును. స్నానమునకు బోవునప్పుడును, భోజనమునకు గూర్చుండునప్పుడును, శయనించునప్పుడును దానినే ధరింపవచ్చును. ఒక్క జాగ్రత్త వలయును. ఎడమవైపు చెఱగు కుడివైపు చెఱగుమీదికి రావలెను. తాఱుమాఱుగ గట్టుట మృతులకు జేయు పద్ధతి. ధనికుడు, బీదవాడు, ఉద్యోగి, వర్తకుడు అందఱు నొకే యుకాత గట్టుకొని వసారాలో ఎదురుపడినప్పుడు, ఎవరెవరో తెలియుట కాధార మేమియు నుండదు. ఈ సంగతిని మనసునం దుంచుకొనుడు. తరువాత దీనితో బని యున్నది.

స్నానము వారికి బసయొక్క ప్రాణము. జపాను అగ్నిపర్వతముల దేశ మగుటచే భూగర్భమునుండి వేడినీ రనేక ప్రదేశములందు పైకి వచ్చుచున్నది. అట్టి యూటలను ‘ఓన్‌సెన్’ అందురు. 1948లో చేసిన చట్టముచే, వెలికివచ్చు చోట 25 డిగ్రీలకు దక్కువ గాని వేడిమియో, నిర్ణీతములైన ఖనిజపదార్థములలో నేదైన నొకటి తగినంతయో యున్న నీటికే ఆ పేరు చెల్లును. స్నానము చేయువాడు సామాన్యముగ 150 యెన్‌ల పన్ను గూడ చెల్లింపవలెను. పురుషులకు వేఱుగను స్త్రీలకు వేఱుగను తెఱలు వ్రేలాడు ద్వారములు గలవు. కొన్నిచోట్ల రాత్రి గడచుసరికి స్నానశాలలను మార్పు చేయుదురు గనుక, ప్రొద్దున తెఱమీది యక్షరము జూడక చొరబడరాదు.

తొట్టిలో దిగుటకు ముందు చిన్న పీటమీద కూర్చుండి, సబ్బుతో నొడలు శుభ్రముగ గడుగుకొని, నురుగు పోవువఱకు నీళ్లు పోసికొనవలెను. అనగా మనము స్నాన మనుకొనునది వారికి స్నానమునకు బూర్వరంగము మాత్రమే. తరువాతనే ఆ యుమ్మడి నీటిలో దిగుట. నీరు 40 డిగ్రీలకు కొంచెమటునిటుగ నుండును. చేతిగుడ్డను నీటిలో ముంపరాదు; దానిని మడిచి తలపై బెట్టుకొనువారు గలరు. ఒడలిపై వస్త్ర మేమియు నుండగూడదు. మనవారికి మొదట నిది మహాసంకటము. కాని ఎవడు నెవ్వని జూడడు. కన్నులు దించుకొనుట యొక వస్త్రమని నేనచ్చట గ్రహించితిని. ఒకడు మాలిన్యముతో దిగిన పదిమందికి నీరు పాడగును. పదిమందియు నియమము పాటించిన ఒక్కనికి సుఖము గలుగును. ఉమ్మడిసొత్తును వాడుకొను విధమును నేర్పు పాఠశాల యింతకు మించినది లేదు.

పిదప భోజనము. ఆఱు, ఏడుగంటల నడుమ వడ్డన యారంభించును. చిన్నచిన్న పాత్రలలో, ఆ ఋతువునం దొరకు పదార్థములు, ఒకదాని తరువాత నొకటి వచ్చును. పచ్చిచేప, కాల్చినది, ఉడికించినది, ఆవిరిపై వండినది, నూనెలో వేచినది. తుద నన్నము, పులుసు, ఊరగాయ. అన్నము తుదకు వచ్చుట మనకు విపరీతము. పాత్ర యాకారము, దానిమీద నుంచిన యొక యాకు గూడ ఏ మాసమో చెప్పుచుండును.

శాకాహారు లిచ్చట చెవి యొగ్గి వినవలెను. వారి పులుసులకును, కూరలకును మూలమైన ‘దాషి’ యను రసమును సామాన్యముగ ఎండబెట్టిన చేప తురుముతో కాచుదురు. కంటికి ముక్క కనబడనంతమాత్రమున శాకాహార మని నమ్మరాదు. నియమము గలవారు బస కుదుర్చుకొనునప్పుడే, చేపరసము గూడ పనికిరాదని స్పష్టముగ దెలుపవలెను. వచ్చి కూర్చుండిన తరువాత చెప్పుట వారిని నొప్పించుటయే. ఇట్టివారికి ఉత్తమమైన బస కోయాసాన్ పర్వతముమీద గలదు. 816లో చక్రవర్తి యనుమతిని బొంది కూకై యను నాచార్యు డచ్చట మఠములు స్థాపించెను. నేటికి సుమా రేబది దేవాలయములు యాత్రికులకు బస నిచ్చుచున్నవి. మాంసము, చేపలే కాక ఉల్లి, వెల్లుల్లియు నచ్చటి వంటకు నిషిద్ధములు. సముద్రపు నాచుతోను, ఎండిన పుట్టగొడుగులతోను రసము కాచుదురు. నువ్వుల ముద్దయు, చలిలో గడ్డకట్టించి యెండబెట్టిన సోయాపెరుగుగడ్డయు నచ్చటి ప్రత్యేకములు. ప్రాతఃకాలమున నగ్నిలో సమిధలు వ్రేల్చి మంత్రములు చదువుదురు. దానిని వారు ‘గోమ’ యందురు. మన ‘హోమ’ శబ్దమే సముద్రములు దాటి యట్లైనది. ఆ మంత్రములలో సంస్కృతపు పలుకులు చెవిని బడినప్పుడు కలుగు పులకరము వర్ణింప నాకు శక్తి చాలదు.

ఇంతటి యేర్పాటునకు నిర్వాహకురాలు గృహిణి. ఆమెను ‘ఒకామి’ యందురు. తఱచు అత్తనుండి కోడలికి సంక్రమించు పదవి యది. ఎవరికే గది, ఎవరికే పదార్థము సరిపడదు, ఎవరు వృద్ధులు, ఎవరు క్రొత్త దంపతులు, అన్నియు నామె మనసులో వ్రాసికొనియుండును. నాతో వచ్చిన మిత్రునిది ఎడమచేతివాటము. రాత్రి భోజనమున నతడు పుల్లలను ఇటునుండి అటు మార్చుకొనుట నొక పరిచారిక చూచినది. ఒక్కమాటయు ననలేదు. మఱునాటి యుదయమున అతని పుల్లలు ఎడమచేతికి వీలుగ బెట్టియుండినవి. అడిగినపిదప నిచ్చుట పరిచర్య. అడుగకమున్నే కనుగొనుట ఆతిథ్యము. వారి భాషలో దీనినే ‘ఓమోతెనాషి’ యని పిలుతురు. ఇందులకు బహుమానముగ డబ్బు చేతబెట్టుట యచ్చట వాడుక కాదు. విడిచిన చిల్లరను మఱచిపోయినా రనుకొని వెంటబడి తెచ్చి యిత్తురు. వెడలునప్పుడు వాకిట నిలిచి, మన బండి కనుమరుగగువఱకు వంగి నమస్కరించుచుందురు.

ఇందు లోపములు లేవా? కలవు. వేళకు గట్టుబడిన భోజనము, మొదటనే నిర్ణయమైన వంటకములు, మోకాళ్లు నొప్పిపెట్టు కూర్చుంద్రు, ఎప్పుడు తలుపు జరుగునో యను శంక కొందఱికి విసుగు పుట్టించును. పనివారి పాటు మఱియు గొప్పది. వేకువన లేచి ఫలాహారము సిద్ధపఱచి, నడుమ కొన్నిగంటలు విడిచి, మరల సాయంకాలమునుండి రాత్రి చాలప్రొద్దు పోవువఱకు పనిచేయవలెను. అట్టి పనికి యువకులు వచ్చుటలేదు. 1980 ప్రాంతమున 80,000 దాటియుండిన రియోకానులు 2018 నాటికి 40,000 లకు దక్కువయైనవి. అతిథి సుఖమునకు వెనుక నొకరి నిద్ర ఖర్చగుచున్నదని మఱువరాదు.

సోదరులారా! ఇంతవఱకు నేను చెప్పినదంతయు లోపలికి రానిచ్చినవారి యనుభవము. ఆతిథ్యమునకు పరీక్ష లోపల గాదు, గడపమీద. ఇక నా గడపను గూర్చి చెప్పెదను.

కుమమోతొ మండలమున కికుచి కెయిఫూయెన్ అను కుష్ఠరోగుల యాశ్రమము గలదు. 1907 మొదలుకొని జపాను ప్రభుత్వమువారు చట్టములు చేసి ఆ రోగులను సంఘమునుండి వేఱుచేసి యుంచిరి. మందులు వచ్చి రోగము కుదిరిన తరువాత గూడ ఆ చట్టము 1996 వఱకు రద్దు కాలేదు. 2001 మే నెలలో కుమమోతొ జిల్లా న్యాయస్థానము ఆ ప్రభుత్వవిధానము రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. ప్రభుత్వ మప్పీలు చేయలేదు. అప్పటికి ఆశ్రమవాసులలో ననేకులు వృద్ధులై, పోవుట కిల్లు లేక యచ్చటనే యుండిపోయిరి.

2003వ సంవత్సరమున మండలాధికారులు ఆ వృద్ధుల నొక విహారయాత్రకు దీసికొనిపోదలచి, కురోకావ యను వేడినీటి యూటలకడ నొక హోటలులో బస కుదిర్చిరి. రాబోవువా రెవరో తెలిసినతోడనే, ఇతర యతిథులకు నిబ్బంది యగునని చెప్పి ఆ హోటలువారు నిరాకరించిరి. రోగము కుదిరినదనియు, ఎవరికిని సోకదనియు చెప్పినను లాభము లేకపోయెను. సంగతి నవంబరు నెలలో వెల్లడియై దేశమంతట గగ్గోలు పుట్టెను. హోటలువారు క్షమాపణ చెప్పిరి. అది మనఃపూర్వకము గాదని వృద్ధులు స్వీకరింపలేదు. అప్పుడు జరిగినది మఱియు ఘోరము. దేశము నలుమూలలనుండియు ఆ వృద్ధులనే తూలనాడుచు లేఖలును, టెలిఫోనులును ఆశ్రమమునకు వచ్చి పడినవి. 2004లో మండలాధికారులు ఆ హోటలు వ్యాపారమును కొన్నినాళ్లు నిలిపివేయునట్లు శిక్షించిరి. ఆ యేడే హోటలు మూతబడినది.

విచారించి చూడుడు. అచ్చట గూడ చాపలు శుభ్రముగనే యుండియుండును. తేనీరు వేడిగనే యుండియుండును. పరిచారికలు వంగి నమస్కరించుటలో లోప ముండదు. ఐన నేమి? ఉమ్మడి స్నానశాలలో అందఱును సమానులని చెప్పు నీరు, వాకిటనే కొందఱిని వడగట్టి లోపలికి బంపునప్పుడు ఆ సమత్వ మేపాటిది? ఒకే యుకాత గట్టి హెచ్చుతగ్గులు మాపివేయు నాచారము, యుకాత యిచ్చుటకు ముందే మనిషి నెంచి యిచ్చునప్పుడు వేషము మాత్రమే యగును గదా!

అదే వృత్తివారు, అదే దేశమున, ఇంకొకవిధముగ గూడ బ్రవర్తించిరి. 2011 మార్చి 11వ తేదీన సముద్రము పొంగి ఈశాన్య తీరమును ముంచివేసినప్పుడు, మియాగి మండలములోని మినామిసన్రికు పట్టణము చాలవఱకు తుడిచిపెట్టుకొని పోయినది. తీరమున రాతిగట్టుమీద నున్న కాన్యో యను హోటలు క్రిందియంతస్తులు మునిగినను నిలిచినది. అచ్చటి ఒకామి సుమా రాఱువందలమంది నిర్వాసితులకు నెలలకొలది నీడ నిచ్చినది. కుళాయి నీరు లేని బస యది; కైసేకి వడ్డనలు లేవు. ఐనను జపాను ఆతిథ్యమునకు నే నొక యుదాహరణము చూపవలసినచో, ఆ నీరులేని బసనే చూపుదును.

మంచిమనసు నమ్మి యూరకుండిన చాలదని వారికిని తెలియును. 1948లో చేసిన వారి బసగృహముల చట్టముయొక్క 5వ ప్రకరణము, అందు చెప్పిన కారణములకు దప్ప, బస కోరివచ్చినవానిని నిరాకరింపరాదని శాసించుచున్నది. కురోకావ హోటలువారికి శిక్ష పడినది ఆ చట్టముననుసరించియే. ఈ కాలమున పనివారిని వేధించి యసాధ్యమైన కోరికలు పదేపదే కోరు నతిథులు పెరిగినందున, 2023 డిసెంబరునుండి అట్టివారిని నిరాకరించు హక్కును బసవారికి గూడ నిచ్చిరి. ఆ సవరణ చర్చలో నున్నప్పుడు, పాత వెలి మరల తలయెత్తునేమో యని కుష్ఠరోగ బాధితుల పక్షమువారు భయము వెలిబుచ్చిరి. దెబ్బ తిన్నవారికే గడప యెంత యెత్తో తెలియును.

ఇక మన సంగతి. మన సంఘములవారు, ఇతర సంఘములవారును, కట్టిన సత్రములలో ననేకము తొలుత తమ తమ కులమువారికని యేర్పడినవే. ఆ కాలమున తనవాడు పరాయియూర నిలువనీడ లేక బాధపడరాదను ప్రేమతో వారట్లు చేసిరి. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కాని 1950 జనవరి 26వ తేదీనుండి అమలులోనున్న మన రాజ్యాంగముయొక్క 15వ ప్రకరణము, కులము కారణముగ నే పౌరునికిని హోటళ్లలో ప్రవేశము నిరోధింపరాదని చెప్పుచున్నది. చట్ట మెంతవఱకు సత్రములకు వర్తించునని న్యాయవాదుల నడుగుటకంటె, మన మనసు నడుగుట మేలు. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చినవానికిని పొయ్యి రాజవేసి వండిపెట్టిరి. ఆమె యడిగినది ఆకలి యున్నదా యని. నీ వెవరవని కాదు. జపానువారికి నేర్పదగిన పాఠము మనయింటనే యున్నది. వారివద్ద నేర్వదగినదియు నున్నది. సీతమ్మగారి హృదయమునకు రియోకాను క్రమశిక్షణను జోడించిన, అట్టి సత్ర మీ దేశమున నాదర్శమగును.

కావున సత్రముల, వసతిగృహముల కార్యవర్గములవారికి నాలుగు మాటలు విన్నవించుకొందును. ఒకటి: వచ్చువాడు ముందుగ దెలుపుటకు దారి యేర్పఱచి, అతడు వచ్చులోపలనే గది తుడిపించి, నీరు నింపి యుంచుడు. తాళము చెవికొఱకు గుమాస్తాను వెదకించుట ఆతిథ్యము గాదు. రెండు: స్నానశాలయు మరుగుదొడ్డియు బాగుండని సత్రమునకు గోపుర మెంత యెత్తున్నను ప్రయోజనము లేదు. వాడుకొనువారికిని నియమములు తెలుపు పలక నొకటి గట్టుడు. మూడు: ఊడ్చువారికిని, వండువారికిని తగిన జీతము, తగిన విశ్రాంతి యిండు, వారు నవ్విననే సత్రము నవ్వును. నాలుగవది యన్నిటికంటె ముఖ్యము: రాత్రి పదిగంటలకు తడిసి వచ్చి తలుపు తట్టినవానిని, తలుపు తెఱచుటకు ముందు ఇంటిపే రడుగవలదు.

ఈ నాలుగవమాట కొందఱికి రుచింపకపోవచ్చును. తీర్మానముల సంఘమువారు దీనిని వచ్చు సంవత్సరమునకు వాయిదా వేసినను నాకు గోపము లేదు. కాని సత్రము కట్టి తలుపు మూసికొనుటకంటె, చెట్టు నాటి నీడకు కావలి పెట్టుట తేలిక. రెండును నిలుచునవి కావు.

 అదిగో, భోజనపు గంట!